జపాన్ మూకీల డిస్కులు: ఈ ఏడాది లెక్క

జనవరి 12

భోగికి రెండు రోజుల ముందు పార్సిలు వచ్చింది. లోపల ఎక్లిప్స్ సిరీస్ 10, అంటే అమెరికా డిస్కుల సంస్థ క్రైటీరియన్ వాళ్లు 2008లో తెచ్చిన, జపాన్ దర్శకుడు ఓజు మూకీల పెట్టె. మూడు డీవీడీలు, మూడు సినిమాలు: టోక్యో కోరస్ (1931), ఐ వజ్ బార్న్ బట్ (1932), పాసింగ్ ఫ్యాన్సీ (1933). ఎవరో వాడి అమ్మిన సెట్టు. అట్ట నలిగిందని అమ్మినవాడు ముందే చెప్పాడు. రెండో డిస్కును పట్టుకునే ప్లాస్టిక్ పళ్లు విరిగి, అది పెట్టెలో దొర్లుకుంటూ వచ్చిందని మాత్రం చెప్పలేదు.

లైటు కింద వాలుగా పట్టి చూశాను. మధ్య నుంచి అంచుకు నిలువుగా పోయే గీతలకు పెద్దగా భయపడక్కర్లేదు, ప్లేయరు సర్దుకుంటుంది. ట్రాకు వెంట గుండ్రంగా పోయే గీతే కొంప ముంచుతుంది. అలాంటిది ఒకటి కనిపించింది. అందుకే సినిమా చూడకుండా ముందు డిస్కు మొత్తాన్ని కంప్యూటర్లోకి కాపీ చేశాను. ఎక్కడా ఆగలేదు. పాత డిస్కు కొన్న రోజే ఈ పని చేస్తే, వాపసు గడువు దాటాక నెత్తి బాదుకోవాల్సిన పని ఉండదు.

ఖర్చు సంగతి. డిస్కుల ధర కంటే రవాణా, కస్టమ్స్ కలిపి ఎక్కువయ్యాయి. ఇకపై అమెరికా డిస్కులన్నీ డల్లాస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఇంటికి పంపించి, వాడు వచ్చేటప్పుడు తెప్పించుకోవాలని తీర్మానం. ఫోన్లో చెబితే వాడన్నది ఇదీ: "అన్నయ్యా, మాటల్లేని సినిమాలకి నా సూట్‌కేసులో చోటా?"

ఫిబ్రవరి 3

రీజియన్ గోల. అంటే ఏ ప్రాంతపు డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో తేల్చే అంకె. మన దేశం డీవీడీల్లో రీజియన్ 5. అమెరికా 1. జపాన్, బ్రిటన్ రెండూ 2. బ్లూరేకి లెక్క వేరు: అమెరికా, జపాన్ 'ఏ', బ్రిటన్ 'బీ', మనం 'సీ'. అంటే నేను కొనే డిస్కుల్లో మన దేశానికంటూ తయారైనది ఒక్కటీ లేదు.

కంప్యూటర్ డ్రైవులో రీజియన్‌ను ఐదుసార్లే మార్చుకోవచ్చు. ఆ తర్వాత చివర పెట్టిన దగ్గరే బిగుసుకుపోతుంది. పాత డ్రైవు మీద తెలియక నాలుగుసార్లు మార్చేశాను. ఇప్పుడు దాన్ని 1 మీద ఉంచేసి, బ్రిటన్ డిస్కుల కోసం చవకరకం బయటి డ్రైవు ఇంకొకటి కొన్నాను. రెండింటి మీదా మార్కరుతో అంకె రాసుకున్నాను.

మార్చి 9

ఒకే సినిమా రెండు డిస్కుల్లో ఎలా ఉందో పోల్చే అసలు పని ఇప్పుడు మొదలైంది. ఓజు తీసిన మూడు నేర కథలు, వాక్ చియర్‌ఫుల్లీ (1930), దట్ నైట్స్ వైఫ్ (1930), డ్రాగ్‌నెట్ గర్ల్ (1933), రెండు చోట్ల దొరుకుతాయి. బ్రిటన్‌లో బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు 2013లో 'ది గ్యాంగ్‌స్టర్ ఫిల్మ్స్' పేరుతో తెచ్చారు. అమెరికాలో 2015లో ఎక్లిప్స్ సిరీస్ 42గా వచ్చాయి. అవే మూడు సినిమాలు, సంగీతం వేరు. పోల్చి చూడ్డానికి ఇంతకంటే చక్కటి జత దొరకదు.

మొదట పెద్ద పొరపాటు చేశాను. డ్రాగ్‌నెట్ గర్ల్ అమెరికా డిస్కులో వంద నిమిషాలు. బ్రిటన్ డిస్కులో అంతకంటే దాదాపు నాలుగు నిమిషాలు తక్కువ. ఎక్కడో కత్తెర పడిందనుకుని రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి, సీను సీనుకూ నిలిపి ఒక ఆదివారమంతా వెతికాను. ఏమీ పోలేదు. బ్రిటన్ డీవీడీ పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములతో (విడి బొమ్మలతో) నడుస్తుంది. 24 ఫ్రేముల లెక్కన సిద్ధమైన సినిమాను దాంట్లో పెడితే నాలుగు శాతం తొందరగా అయిపోతుంది. 100ని 24తో గుణించి 25తో భాగిస్తే 96. ఈ చిన్న లెక్క ముందే వేసుంటే ఆదివారం మిగిలేది. టాకీలైతే ఈ తొందరకు గొంతు కాస్త సన్నబడుతుంది, చెవికి పట్టుబడుతుంది. మూకీలో ఆ ఆధారం కూడా ఉండదు.

బొమ్మ స్పష్టత కోసం ఒక్కో సినిమాకు ఐదు షాట్లు ఎంచుకున్నాను: ఒక దగ్గరి ముఖం, ఒక చీకటి గది, ఒక వీధి, ఒక టైటిల్ కార్డు (మాటలు రాసి చూపే అట్ట), కెమెరా కదిలే ఒక షాటు. రెండు డిస్కుల నుంచీ అవే ఫ్రేములు తీసి ఒకే మానిటర్ మీద చూస్తాను. చీకటి గదిలోనే తేడా బయటపడుతుంది. ముఖాలు ఏ డిస్కులోనైనా బాగానే ఉంటాయి కాబట్టి, వాటిని చూసి తీర్పు చెప్పకూడదు.

మార్చి 22

డ్రాగ్‌నెట్ గర్ల్ మళ్లీ చూశాను, ఈసారి చెవులతో. నటి కినుయో తనాకా ఇందులో పగలు టైపిస్టు, రాత్రి రౌడీ ప్రియురాలు. ఆ రౌడీ మనసు పడే ఇంకో అమ్మాయి పనిచేసేది గ్రామఫోను రికార్డుల కొట్టులో. విక్టర్ కంపెనీ కుక్క బొమ్మ, మన ఇళ్లలో రికార్డుల మీద కనిపించిన ఆ కుక్కే, తెర మీద దర్జాగా కూర్చుని ఉంటుంది. మూకీ సినిమాలో రికార్డుల కొట్టు! అక్కడ ఏం మోగాలో, అసలు మోగాలో వద్దో, ఎనభై ఏళ్ల తర్వాత సంగీతం కట్టినవాడే తేల్చుకోవాలి.

ఎక్లిప్స్‌లో నీల్ బ్రాండ్ సంగీతం. కథ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. బీఎఫ్ఐలో ఎడ్ హ్యూస్ సంగీతం కథకు కాస్త ఎడంగా నిలబడి చూస్తున్నట్టుంటుంది. మొదటిసారి చూసేవాళ్లకు బ్రాండ్‌నే ఇస్తాను. నాకు మాత్రం రెండోసారి హ్యూస్ పట్టుకున్నాడు, ఎక్కడ జాలిపడాలో ఆయన ముందే చెప్పడు. ఇంకో సినిమా దట్ నైట్స్ వైఫ్‌ని మాత్రం మూడోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూస్తే, ఆ రెండు సంగీతాలతో కంటే బాగుంది. ఒక్క రాత్రి కథ, చాలాభాగం ఒకే గదిలో. ఫ్యాను చప్పుడు చాలు.

అప్పటిదాకా డిస్కులకు మార్కులేసే నా ఎక్సెల్ పట్టికలో సంగీతానికి గడే లేదు. ఆ రోజు మొదటి గడిగా పెట్టాను. బొమ్మ మార్కులు వెనక్కి పోయాయి.

మే 5

ఎండలకి బయటకి కదిలే పని లేదు, వేగం లెక్కలతో కూర్చున్నాను. మూకీల కాలంలో కెమెరా పిడి తిప్పే వేగం ఒక్కటిగా ఉండేది కాదు. 16 నుంచి 24 ఫ్రేముల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 35 ఎంఎం ఫిల్ము 24 ఫ్రేముల వేగంలో నిమిషానికి 27.4 మీటర్లు పరుగెడుతుంది, 18 అయితే 20.6. సినిమా పొడవు మీటర్లలో తెలిస్తే చాలు, డిస్కు వేగం లెక్క కట్టొచ్చు. రెండు వేల మీటర్ల సినిమా 24లో 73 నిమిషాలు, 18లో 97. ఇరవై నాలుగు నిమిషాల తేడా! అట్ట మీద నిడివి ఎక్కువ ఉన్నంత మాత్రాన సీన్లు ఎక్కువున్నట్టు కాదు.

మీటర్లు తెలియకపోతే ఇంకో దారి ఉంది. వీఎల్‌సీలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కితే సినిమా ఒక్కో ఫ్రేమూ జరుగుతుంది. ఎవరైనా నడుస్తున్న షాటు పెట్టి నొక్కుతూ పోవాలి. ప్రతి మూడు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు వస్తుంటే అది 18ని 24 చేసిన డిస్కు. ప్రతి రెండింటికి ఒకటి రెండుసార్లు వస్తే 16. అమెరికా డీవీడీల్లో టీవీ కోసం చేసే మరో సర్దుబాటు కూడా కలిసి, కొన్ని ఫ్రేముల్లో రెండు బొమ్మలు దువ్వెన పళ్లలా అల్లుకుని కనిపిస్తాయి. అవి చూసి కంగారు పడొద్దు, వాటిని వదిలేసి లెక్కపెట్టాలి. బ్లూరేలో సాధారణంగా ఈ బాధ ఉండదు.

ఈ లెక్క బాగా పనికొచ్చింది తెయినొసుకె కినుగసా తీసిన ఎ పేజ్ ఆఫ్ మ్యాడ్‌నెస్ (1926) దగ్గర. పోయిందనుకున్న ఈ సినిమా 1971లో కినుగసా సొంత గోదాంలోనే దొరికింది. ఆయన దానికి సంగీతం జోడించి మళ్లీ విడుదల చేశాడు. శబ్దంతో ఉన్న ప్రింటు 24 వేగంలోనే నడవాలి కాబట్టి మనుషులు పరుగెడతారు. పైగా సౌండ్ ట్రాకు ఫ్రేములో ఒక పక్క చోటు తినేస్తుంది. అమెరికా సంస్థ ఫ్లికర్ ఆలీ తెచ్చిన బ్లూరేలో అలాయ్ ఆర్కెస్ట్రా సంగీతంతో చూశాక, కథలో పిచ్చాసుపత్రి గదిలో జరిగే నాట్యం నాట్యంలా కనిపించింది. ఇందులో టైటిల్ కార్డు ఒక్కటి కూడా లేదు. ఆ రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉంటాడన్న ధీమా.

జులై 17

ఆ మనిషే బెన్షి. ఇన్నాళ్లూ నేను పాశ్చాత్యులు కట్టిన సంగీతం మీద మార్కులు వేస్తూ కూర్చున్నాను. జపాన్ జనం ఈ సినిమాలను అలా చూడలేదు, బెన్షి గొంతుతో చూశారు. ఫలానా బెన్షి ఉన్నాడంటే ఆ హాలుకే వెళ్లేవాళ్లు. 1931లోనే జపాన్‌లో పూర్తి టాకీ వచ్చినా, మూకీలు మరో నాలుగైదేళ్లు బతికాయంటే అందులో బెన్షీల చలవ కొంత ఉంది. మన భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరిలో పద్యాలు పాడుతుంటే, అదే ఏడాది ఓజు ఐ వజ్ బార్న్ బట్ మాటల్లేకుండా తీసి కినెమా జున్పో పత్రిక వారి ఉత్తమ చిత్రం అనిపించుకున్నాడు. ఆయన ఆలస్యానికి మరో కారణం కూడా ఉంది. తన కెమెరామన్ హిదెయో షిగెహరా సొంతంగా తయారుచేస్తున్న శబ్ద యంత్రంతోనే టాకీ తీస్తానని మాటిచ్చాడు. అది 1936లో ది ఓన్లీ సన్‌తో నెరవేరింది. టాకీలొచ్చి బెన్షీల పని పోయింది. దర్శకుడు అకిరా కురొసావా అన్న హెయిగో కూడా బెన్షీయే, 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు.

బెన్షి గొంతుతో వచ్చిన డిస్కులు కావాలంటే జపాన్‌లో డిజిటల్ మీమ్ వాళ్ల 'టాకింగ్ సైలెంట్స్' వరుస చూడాలి. మత్సుదా సంస్థ దాచిన ప్రింట్లు, షున్సుయి మత్సుదా, ఆయన శిష్యురాలు మిదొరి సవాతోల కథనం, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు. ఒకటో భాగం మిజోగుచి తీసిన ది వాటర్ మెజీషియన్ (1933)తో మొదలవుతుంది. నీళ్ల గారడీ చేసే అమ్మాయి ఒక కుర్రాడిని లా చదివిస్తుంది. చివరికి కోర్టులో ఆమె కేసు ముందు కూర్చునేది ఆ కుర్రాడే.

ఇది పెట్టినప్పుడు అమ్మ వచ్చి కుర్చీ లాక్కుంది. మామూలుగా నా డిస్కులు చూస్తే ఆవిడకి ఆవలింతలు. ఇంగ్లిష్ చదవదు, జపనీస్ సంగతి చెప్పక్కర్లేదు. పది నిమిషాలయ్యాక, "దాసుగారు కథ చెబుతున్నట్టుందిరా. ఆడగొంతూ ఆవిడే, మగగొంతూ ఆవిడే" అంది. చివరిదాకా కదల్లేదు. నేనే సబ్‌టైటిళ్లు చదవలేక అలసిపోయాను. టైటిల్ కార్డుల అనువాదం ఒకటి, బెన్షి మాటల అనువాదం ఇంకొకటి. కళ్లు ఎప్పుడూ తెర కిందే. అందుకని ఇప్పుడు ఒకసారి సబ్‌టైటిళ్లతో చూసి, వారం తర్వాత అవి తీసేసి గొంతు మాత్రం వింటున్నాను. ఈ పద్ధతిలో ఒరొచి (1925) అదిరిపోయింది. త్సుమసబురో బందో కత్తియుద్ధం చేస్తున్నంతసేపూ ఆ గొంతు కూడా కత్తి తిప్పుతుంది.

ఆగస్టు 20

వైజాగ్ తేమ. డిస్కులతో వచ్చిన మూడు పుస్తకాల అంచుల మీద మచ్చలు. డిస్కులకేమీ కాలేదు, కాగితమే చెడింది. పుస్తకాలన్నీ తీసి జిప్ కవర్లలో సిలికా జెల్ పొట్లాలతో వేరే పెట్టాను, పొట్లాలు రెండు నెలలకోసారి మార్చాలి. డిస్కులు నిలబెట్టే ఉంచాలి. తుడిస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు, గుండ్రంగా ఎప్పుడూ కాదు. కారణం జనవరిలోనే రాశాను.

అక్టోబరు 11

దర్శకుడు నరుసె మూకీల పెట్టె (ఎక్లిప్స్ 26, 2011) పూర్తయింది. ఐదు సినిమాలు, ఆయన మూకీల్లో మిగిలినవి ఇవే. రాబిన్ హాల్కమ్, వేన్ హార్విట్జ్‌ల సంగీతం. ఎవ్రీ నైట్ డ్రీమ్స్ (1933)లో కెమెరా ఉన్నట్టుండి ముఖం మీదకి దూసుకుపోయే షాట్లకే నా పది మార్కులు. పోల్చడానికి రెండో డిస్కు నా దగ్గర లేదు కాబట్టి పట్టికలో సగం గడులు ఖాళీ.

యుద్ధంలో బాంబులు, అంటుకుంటే ఆరని నైట్రేట్ ఫిల్ము, ఇవన్నీ దాటి వచ్చినవి ఈ కాసిని రీళ్లు. మన భీష్మ ప్రతిజ్ఞ మూకీ చూడాలంటే ఒక్క రీలూ లేదు. అందుకే గీతలున్నాయని డిస్కుకు మార్కులు తగ్గించడం మానేశాను.

నవంబరు 30

తెలిసి తెలిసి ఒకటి రెండోసారి కొన్నాను. గుడ్ మార్నింగ్ (1959) క్రైటీరియన్ బ్లూరే, 2017ది. అందులో అదనంగా ఐ వజ్ బార్న్ బట్ మొత్తం ఉంది, 2008 పెట్టెలో ఉన్న డోనాల్డ్ సోసిన్ సంగీతంతోనే. సంగీతం మారలేదు కాబట్టి ఈసారి నిజంగా బొమ్మనే పోల్చొచ్చు. యజమాని ఇంట్లో ఇంటి సినిమా చూపిస్తూ, తండ్రి కోతి వేషాలు తెర మీద వేస్తే పిల్లలిద్దరూ బిక్కచచ్చిపోయే సీను పెట్టాను. చీకటి గదిలో ప్రొజెక్టరు వెలుగు. డీవీడీలో వెనక వరస ముఖాలు నల్లగా ముద్దయ్యాయి. బ్లూరేలో ఎవరు నవ్వుతున్నారో, ఎవరు నవ్వడం లేదో కనిపిస్తోంది.

అదే డిస్కులో ఎ స్ట్రెయిట్‌ఫార్వర్డ్ బాయ్ (1929) ముక్క కూడా ఉంది. ఆ అల్లరి పిల్లాడు తోమియో అవొకి, ఈ సినిమా జపనీస్ పేరైన తొక్కన్ కొజోనే తన తెర పేరుగా పెట్టుకున్నాడు. ఈ ముక్క బీఎఫ్ఐ గ్యాంగ్‌స్టర్ పెట్టెలోనూ ఉంది. ఒక్కో ఫ్రేమూ జరిపి చూడాల్సిన తర్వాతి జత ఇదే.

దర్శకుడు షిమిజు సినిమాల పెట్టె (ఎక్లిప్స్ 15) డల్లాస్ చేరిందని తమ్ముడు ఫొటో పంపాడు. అందులో మూకీ ఒక్కటే, జపనీస్ గర్ల్స్ ఎట్ ది హార్బర్ (1933), తక్కినవి టాకీలు. బట్టల మధ్యలో పెట్టి తెమ్మన్నాను. పెట్టె పళ్లు విరక్కుండా.