చిరునామా ఎక్కడ మారుతోంది?
విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక ఆఫీసుకి మెయిల్ సర్వర్ చూస్తాను. మొన్న బిల్లుల మెయిళ్లు ఒక్కటీ బయటికి పోలేదు. లాగ్‌లో పంపినవారి చోట 'కౌంటర్2 ఎట్ సర్వర్ డాట్ లోకల్' అని ఉంది. బిల్లుల ప్రోగ్రామ్ ఇచ్చింది ఉత్త 'కౌంటర్2'. మిగతాది మా మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ తగిలించింది, డొమైన్ లేని చిరునామాకి ఏది చేర్చాలో చెప్పే 'మైఆరిజిన్' సెట్టింగ్ చూసి. బయట లేని డొమైన్ కదా, అవతలి సర్వర్లు తిప్పికొట్టాయి.

ముందు అన్ని కౌంటర్లనీ ఆఫీసు చిరునామాకి మారుస్తూ కెనానికల్ మ్యాప్ (ఏ చిరునామాని దేనికి మార్చాలో చెప్పే పట్టిక) పెట్టాను. మెయిళ్లు వెళ్లాయి. కానీ లోపలి మెయిళ్లలోనూ చిరునామా మారిపోయింది. "తమ్ముడూ, ఈ బిల్లు ఏ కౌంటర్‌దో తెలియట్లేదు" అని అకౌంట్స్ అక్క టెన్షన్ పడింది.

అది తీసేసి ఎస్ఎమ్‌టీపీ జెనెరిక్ మ్యాప్స్ పెట్టాను. ఇది మెయిల్ ఎస్ఎమ్‌టీపీలో, అంటే సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ పంపే పద్ధతిలో, బయటికి వెళ్లేటప్పుడే మారుస్తుంది. అయినా మారలేదు! ఫైల్ రాశాక, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే పట్టికగా మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడపలేదని అరగంటకి గుర్తొచ్చింది. నడిపి, పట్టికలో వెతికి చూపే 'మైనస్ క్యూ' ఆప్షన్‌తో అడిగితే సరైన చిరునామా వచ్చింది. సాయంత్రానికి బిల్లులన్నీ మళ్లీ పంపాం.