నల్లబల్లపై అయిదు పావులు

1989లో నల్గొండలోని మా బడి ఆవరణలో జరిగిన జిల్లా స్థాయి చదరంగం పోటీల చివరి రోజున, ఎనిమిదో తరగతి విద్యార్థినైన నాకు డ్రిల్లు సారు ఒక పని అప్పగించారు. నల్లబల్ల మీద అరవై నాలుగు గళ్ళు గీసి, పక్క గదిలో సాగుతున్న ఆటను వరండాలోని పిల్లలకు ఎత్తు వెంట ఎత్తుగా చూపాలి. ఒక గడిలో చెరిపి మరో గడిలో రాసేసరికి చొక్కా చేతులు తెల్లబడిపోయాయి.

అది ఆరో రౌండు. పదో తరగతి అన్నకూ, మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆటగాడికీ చెరి అయిదు పాయింట్లు ఉన్నాయి. అంతకు ముందు ఏడాదే విశ్వనాథన్ ఆనంద్ దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయినందువల్ల, మాకందరికీ పావులు బలిపెట్టి మెరుపులా గెలవడమే ఆట అనిపించేది. వీరిద్దరూ స్పానిష్ ఆరంభం (పేరున్న ఒక తొలి ఎత్తుల వరుస) ఆడి, గుర్రాలనూ ఒంటెలనూ మార్చుకుని, మంత్రులను కూడా వదులుకునేసరికి వరండాలో సగం మంది లేచిపోయారు. అసలు ఆట అప్పుడే మొదలైందని నాకూ తెలియదు.

చివరికి బల్ల మీద అయిదే పావులు మిగిలాయి: రెండు రాజులు, రెండు ఏనుగులు, ప్రత్యర్థికి ఒక బంటు. అన్న ఓడిపోయినట్టేనని నేను సుద్దముక్క కింద పెట్టేశాను. అయితే అతడు రాజును బంటుకు ఎదురుగా చివరి వరుసలో నిలిపి, ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో కాపలా ఉంచాడు. ఆ వరుసను దాటి ఎదుటి రాజు ముందుకు రాలేడు. విసిగిన ప్రత్యర్థి బంటును ఆ వరుసలోకే నెట్టగానే, ఏనుగు ఒక్కసారిగా అవతలి అంచుకు వెళ్ళి వెనుక నుంచి రాజుకు షా (చెక్) మీద షా చెప్పసాగింది. బంటు ముందుకు జరిగిపోయినందున ఆ రాజుకు దాగే చోటే లేదు. ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ (ఆయన సంగీతకర్త కూడా) పద్దెనిమిదో శతాబ్దంలోనే వివరించిన రక్షణ ఇదని సారు తరువాత చెప్పారు.

ఒకే స్థితి మూడోసారి రాబోతుండగా అన్న తన ఎత్తును కాగితంపై రాసి, గడియారం ఆపి, ఆ నియమం కింద డ్రా (గెలుపోటములు లేని ముగింపు) కోరాడు. ప్రత్యర్థి ఆటను అనవసరంగా పొడిగించాడని కొందరు గొణిగారు గానీ, గెలుపు కోసం ప్రయత్నించడం అతడి హక్కేనని నా అభిప్రాయం.

ఇద్దరికీ అయిదున్నర పాయింట్లు వచ్చాయి. విజేతను తేల్చేందుకు ఇద్దరూ ఎదుర్కొన్న ఆటగాళ్ళ పాయింట్లు కూడితే అర పాయింటు తేడాతో కప్పు మిర్యాలగూడకు వెళ్ళింది. "గెలిచింది ఎవరురా?" అని హెడ్మాస్టరు గారు అడిగితే, అన్న నవ్వి నల్లబల్ల వైపు చూపించాడు. సోమవారం లెక్కల సారు వచ్చేదాకా నేను దాన్ని తుడవలేదు.