పొలుసులు లేని సోరియాసిస్

నేను మెడికల్ కోడర్‌ని; డాక్టర్లు చార్ట్‌లో రాసిన జబ్బులకి కోడ్‌లు వేయడం నా పని. ‘ప్రాబబుల్’, అంటే ‘బహుశా’, అన్న ఒక్క మాట దగ్గర ఇవాళ నేను కోడ్ చేసిన చార్ట్ వెనక్కొచ్చింది.

అమెరికాలో ఎవరో ఒకావిడ. చంకల్లో, రొమ్ముల కింద ఎర్రగా, నున్నగా మెరిసే మచ్చలు. ఒక్క పొలుసు లేదు. నెలల తరబడి ఫంగస్ క్రీములే వాడారు. ఈసారి డాక్టర్ ‘ప్రాబబుల్ ఇన్వర్స్ సోరియాసిస్’ అని రాసి బయాప్సీకి పంపారు.

ఇన్వర్స్ అంటే చర్మం మడతల్లో వచ్చే సోరియాసిస్ కదా అని దాని కోడ్ ఎల్ 40.8 వేసేశాను. అవుట్‌పేషెంట్ చార్ట్‌లో ‘ప్రాబబుల్’ అని ఉంటే జబ్బు కోడ్ వేయకూడదు, కనిపించే లక్షణమే వేయాలి. అంటే ఆర్ 21. ఉత్త ర్యాష్! రూల్ తెలియక కాదు. వర్ణన అంత స్పష్టంగా ఉంటే చెయ్యి ఆగలేదు.

మోచేతుల మీద తెల్లగా పొలుసులు రాలితేనే సోరియాసిస్ అనుకుంటాం. మడతల్లో తడికి, రాపిడికి అవి నిలవవు. మా పెద్దమ్మ కూడా రెండేళ్లు తామర అనుకుని మెడికల్ షాపు ట్యూబులే రాసుకుంది.

షిఫ్ట్ అయ్యాక ఆవిడకి ఫోన్ చేశాను.

“ఇప్పుడు బానే ఉందిలేరా. ఆ ట్యూబుల సంగతి మాత్రం డాక్టర్‌కి చెప్పకు” అంది.