రేకు పెట్టెలో ఫసలీ 1355

నల్లగొండ చుట్టుపక్కల ఏ పాత ఇంట్లో రేకు పెట్టె తెరిచినా ఒకటో రెండో ఉర్దూ కాగితాలు ఉంటాయి. మా పెద్దనాయన దగ్గరున్న రసీదు చదివేవాళ్లు ఊళ్లో లేకపోతే టౌన్‌లో ఒక రిటైర్డ్ ఉర్దూ సార్‌కు చూపించాను. ఆయన భూతద్దం పెట్టి మెల్లగా చదివారు: శిస్తు ముట్టింది, రూపాయలు హాలీ సిక్కా (నిజాం రాజ్యపు రూపాయి), సాలు (సంవత్సరం) 1355 ఫసలీ. కింద నల్లటి వేలిముద్ర, మా తాతదే, గీతలు కూడా చెరిగిపోలేదు.

ఫసలీ అంటే నిజాం కాలంలో శిస్తు కోసం వాడిన సంవత్సరాల లెక్క; 1355 ఫసలీ అంటే 1945-46. కడవెండిలో తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమురయ్యను కాల్చి చంపింది (1946 జూలై 4) ఆ సాలులోనే, ఆ ఊరు కూడా అప్పట్లో నల్లగొండ జిల్లాదే.

ఇంటికొచ్చి చెప్తే పెద్దమ్మ, "శిస్తు కట్టింది రాసిన్రు సరే, మీ తాత గడీల ఎన్ని దినాలు వెట్టి చేసిండో యాడన్న రాసిన్రా?" అంది. దొర గడీలో కూలి లేకుండా చేసిన ఆ చాకిరీ ఏ రికార్డులోనూ దొరకదు కాబట్టి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి కూర్చున్నా, ఆపకుండా రెండు గంటలు చెప్పింది, మధ్యలో తిట్లతో సహా.

మీ ఇంట్లో ఇట్లాంటివి ఉంటే ఫొటోలు తీసి పెట్టుకోండి. లామినేషన్ మాత్రం వద్దు, కాగితం పాడైపోతుంది.