కాలువకి వీపు పెట్టిన బెంచీలు

పదకొండయింది. అత్తయ్యగారు గురక పెడుతున్నారు, ఈయన ఫోన్లో క్రికెట్ చూస్తున్నారు. నాకు మాత్రం ఆ బెంచీలు కళ్ళముందు నుంచి కదలడం లేదు.

కాలువగట్టు పార్కుకి ఇవాళ అత్తయ్యగారిని తీసుకెళ్ళాను, మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి. బెంచీలన్నీ రోడ్డు వైపే! ఎదురుగా ఎరువుల కొట్టు, సెల్ షాపు. వెనకాల దాళ్వాకి, అంటే రెండో పంటకి, వదిలిన నీళ్ళతో నిండుగా పారుతున్న కాలువ. పైగా అవి స్టీలు బెంచీలు. మార్చిలోనే, సాయంత్రం అయిదింటికి కూడా అట్ల పెనంలా ఉన్నాయి. అత్తయ్యగారు ఇలా కూర్చుని అలా లేచారు.

ఉన్న ఒక్క నిద్రగన్నేరుకీ మొదలంటా టైల్స్ పరిచేశారు. వాన పడితే నీళ్ళు వేళ్ళకి ఎలా దిగుతాయి? ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. మనం ఇప్పుడు కొత్తగా పోసుకుంటున్నాం. దేశమంతా కడియం వచ్చి మొక్కలు లారీలకెత్తుకుపోతుంటే, దాని పక్కనే ఉన్న మనం నాటుకున్నది వరసగా కోనోకార్పస్. స్తంభాల్లా కత్తిరించిన ఆ చెట్ల కింద పిల్లి కూడా పడుకోదు.

అమ్మమ్మగారి ఊళ్ళో లాకుల దగ్గర ఇంతకు మూడింతల నిద్రగన్నేరు ఉండేది. కింద ఓ రాతి బల్ల. వేసవి సెలవులకి కాలువకి నీళ్ళు కట్టేసేవాళ్ళు కాబట్టి నాకు నీళ్ళు కనిపించేది సంక్రాంతికే. తాతయ్య ఆ బల్ల మీద కూర్చోబెట్టి, పడవకి తాడు కట్టి మనుషులు ఈ గట్టు మీదే లాక్కుంటూ నడిచేవాళ్ళని చెప్పేవాడు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేయించాక ఈ కాలువలు చేలకే కాదు, పడవలకీ దారి. గట్టు మీద మనిషి నడవాలి, అంతే లెక్క. ఏ పార్కు డిజైనరూ గీయలేదు. సాయంత్రం నిద్రగన్నేరు ఆకులు ముడుచుకోగానే తాతయ్య "చెట్టు పడుకుంది, పదండి ఇంటికి" అనేవాడు. ఆకాశం మబ్బు పట్టినా ముడుచుకునేవి. అప్పుడు మేం ఒప్పుకునేవాళ్ళం కాదు.

కోనోకార్పస్ పరాయి దేశపు చెట్టని రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే నిద్రగన్నేరు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే! సరే, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నీడ మాట మాత్రం తీసుకోను.

బెంచీల సంగతీ అంతే అయ్యేట్టుంది. వచ్చే నెల కాలువ కట్టేశాక అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు, ఆ కంపు. డిజైన్ చేసినాయన మే నెలలో వచ్చి చూసుంటాడు, పాపం. పైగా అత్తయ్యగారు టీ బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని నిద్రగన్నేరు నీడలో ఎటు తిప్పి వేసుకున్నారనుకున్నారు? రోడ్డుకే! "నీళ్ళదేముందమ్మా, ఎవరెటు పోతున్నారో తెలియొద్దూ?" అన్నారు. మూణ్ణెల్లు గోడలు చూసిన మనిషి.

న్యూయార్కులో విలియం వైట్ అనే ఆయన 1970లలో కూడళ్ళలో కెమెరాలు పెట్టి తేల్చింది కూడా ఇదే: జనం చూడ్డానికి వచ్చేది జనాన్నే. కదిలే కుర్చీ ఉంటే కూర్చునే ముందు దాన్ని కాస్త జరుపుకుంటారట, అవసరం లేకపోయినా. అత్తయ్యగారు నాలుగుసార్లు జరిపారు. నేను కాలువ వైపు వేసుకుని, ఆవిడ పిలిచినప్పుడల్లా మెడ తిప్పాను. మెడ ఇంకా పట్టేసే ఉంది.

పార్కు బెంచీలు ఖాళీ. బండి కుర్చీలు ఒక్కటీ ఖాళీ లేదు. కుర్చీకో టీ తాగాల్సిందేనని బండి అబ్బాయి రూలు. అత్తయ్యగారికి షుగరు కదా, రెండూ నేనే తాగాను. నిద్ర పట్టకపోవడం బెంచీల వల్లేనా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.