ట్రిమ్ సీటూ, చీనీ చెట్లూ

పెద్దోడు ఐర్లాండ్‌లో ట్రిమ్ అనే ఊరు వెళ్ళొచ్చి ఫొటోలు పెట్టాడు. పాప ఎర్రటోపీలో ముద్దొస్తోంది, కోడలు కాస్త ఒళ్ళు చేసింది, సంతోషం. అంతటితో ఫోన్ పక్కన పడేసి పడుకోవాల్సింది. ఒక ఫొటోలో వెనకాల పొడుగాటి రాతి స్తంభం కనిపించింది. ఎవరిదిరా అంటే, "వెల్లింగ్టన్‌ది మా, ఒకప్పుడు ఈ ఊరి ఎంపీ" అన్నాడు. ఇక నిద్రెక్కడ?

ఊరి ఎంపీ అంటే జనం ఓట్లేసి గెలిపించారనుకునేరు. మీత్ కౌంటీలో చిన్న ఊరు ట్రిమ్. పాత ఐర్లాండ్ పార్లమెంటులో దానికి రెండు సీట్లు. ఓటు ఊరి కార్పొరేషన్ చేతిలో, కార్పొరేషనేమో వెల్లెస్లీ కుటుంబం గుప్పిట్లో. 1780లో పెద్దన్న రిచర్డ్, 1783లో తమ్ముడు విలియం, 1790లో ఇంకో తమ్ముడు ఆర్థర్. అన్నకి బిగుతైన చొక్కా తమ్ముడికి తొడిగినట్టు సీటు దిగుతూ వచ్చింది. అప్పటికి ఆర్థర్‌కి ఇరవయ్యొకటి నిండీ నిండలేదు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ అయింది ఇతనే.

1800లో ఆ పార్లమెంటునే రద్దు చేసి లండన్‌లో కలిపేశారు. 300 మంది సభ్యులుండేచోట 100 మందికే అక్కడ జాగా. ట్రిమ్ లాంటి 84 ఊళ్ళకి సీటే లేకుండా పోయింది. ఊరికి 15,000 పౌండ్ల చొప్పున పరిహారం కట్టారు. ఊరికంటే ఊరి జనానికి కాదు, చాలాచోట్ల ఆ సీటుని గుప్పిట్లో పెట్టుకున్న దొరకి. మొత్తం 12,60,000 పౌండ్లు. అదంతా మళ్ళీ ఐర్లాండ్ అప్పులోనే రాశారు!

మా జేజినాయనకి, అంటే తాతకి, చీనీ (బత్తాయి) తోట ఉండేది. తోట అని గొప్పగా రాస్తాను గానీ భూమి మాది కాదు, గుత్తకు చేసేవాడు. ఆసామి బళ్ళారిలో ఉండేవాడు. కాలువ కింద ఆ భూమి పోయినప్పుడు చెట్లు లెక్కపెట్టడానికి మనుషులొచ్చారు. మొదలుకి సున్నంతో నంబరు వేయడం, పుస్తకంలో రాసుకోవడం. సున్నం డబ్బా పట్టుకుని వాళ్ళ వెంట తిరిగింది మా జేజినాయనే. ఒక చెట్టుకి బెరడు పుండుపడితే పేడా ఎర్రమన్నూ కలిపి పట్టు వేసి ఉన్నాడు. లెక్క రాసే అతను దాన్ని చూసి "ఇది కాపుకి రాదు, వదిలేద్దాం" అన్నాడు. "కాస్తాది సార్, పోయినేడు గూడా కాసింది" అని బతిమాలి, దానికీ నంబరు వేయించాడు. ఆ డబ్బు తనకి రాదని తెలుసు. అయినా ఆ చెట్టు లెక్కలోకి రాకపోతే ఆయనకి నామోషీ. చెక్కు ఆసామి పేరునే వచ్చింది. జేజి మాత్రం బతికున్నన్నాళ్ళూ తిట్టింది. కడవలతో నీళ్ళు మోసింది తను కదా.

అందుకే 15,000 అని చదవగానే ఒళ్ళు మండింది. ఆ మంట మీద ఇంకోటి తగిలింది. అదే 1800, అక్టోబరు 12న నిజాం మన కడప, అనంతపురం, బళ్ళారి సీమల్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు, హైదరాబాదులో ఉంచిన కంపెనీ పటాలం ఖర్చు కింద. అప్పటి గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ. ఆ పెద్దన్నే! దొరల ఊరి సీటు పోతే రేటు కట్టి ఇచ్చారు, మా ఊళ్ళకి ఊళ్ళు చేతులు మారితే అడిగిన నాథుడు లేడు.

ఇంతవరకూ కోపంగా టైపు చేశాను. లేచి మంచినీళ్ళు తాగొచ్చాక, ఇంతకీ ఎవరికివ్వాలి పరిహారం అనిపించింది. నిజాంకా? టిప్పు దగ్గర 1792లో కొంత, 1799లో కొంత వచ్చిన ఊళ్ళు, ఆయనకి మాత్రం మేమేమవుతాం? పాలెగాళ్ళకా? వాళ్ళకీ ఊరంటే తమ సొత్తే. ట్రిమ్ జనానికి ఏదో ముట్టిందన్నట్టు వాళ్ళ మీద పళ్ళు నూరుతున్నాను గానీ, వాళ్ళకి దక్కింది మాత్రం ఏముంది? అక్కడి కాథలిక్కులకి 1793 దాకా ఓటే లేదు. ఓటు వచ్చిన ఏడేళ్ళకి ఊరి సీటు పోయింది. పార్లమెంటులో కూర్చునే హక్కు 1829లో గానీ రాలేదు. ఆ చట్టం చేసినప్పుడు ప్రధానమంత్రి ఎవరయ్యా అంటే, మళ్ళీ ఈ ఆర్థరే. ఇది పెద్దోడికి చెబితే "చూశావా మరి" అంటాడు. అందుకే చెప్పలేదు.

పెద్దన్న విషయంలో మాత్రం నేను తగ్గను. టిప్పుని ఓడించినందుకు మార్క్వెస్ బిరుదు ఇచ్చారు. అది ఇంగ్లండ్ బిరుదు కాదు, ఐర్లాండ్‌ది. దానికి అలిగి, రెండు పూతల బంగారపు ఉర్లగడ్డ (బంగాళాదుంప) అని ఈసడించుకున్నాడు. పార్లమెంటు మెట్లెక్కించింది ఐర్లాండులోని ట్రిమ్ సీటే, బిరుదుకి ఐర్లాండ్ పేరుంటే మాత్రం చిన్నతనమైంది. మా జేజి చేతికి దొరకాల్సింది ఇతను.