అడ్రస్ గడిలో ఏం రాయాలి

"సర్, రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

2023 జనవరి చివర్లో, హ్యూస్టన్‌లో ఒక ఫ్రీవే వంతెన కింద, ఫోన్‌లో సర్వే యాప్ తెరిచి నేనడిగిన మొదటి ప్రశ్న ఇది. ఏటా జనవరి ఆఖర్లో అమెరికా అంతటా ఇళ్లు లేనివాళ్ల లెక్క తీస్తారు. హ్యూస్టన్ శివారులోని మా కేటీ నుంచి వాలంటీర్లుగా నలుగురం వెళ్లాం. ఆ పెద్దాయన పక్కనున్న దుప్పటి చూపించి "ఇక్కడే మ్యామ్" అన్నారు. మిలిటరీలో చేశారా అని అడిగితే నడుం నిటారుగా పెట్టి, "ఆర్మీ. 79 నుంచి 83 దాకా" అన్నారు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర. అక్కడ మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు, అంతమంది ఆ ఊరి నుంచి సైన్యంలోకి వెళ్లారు. మా నాన్న కూడా హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన డిశ్చార్జి బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున ఉండేది. పిల్లలం దాన్ని ముట్టుకోకూడదు. అందుకే ఈయన "కాగితాలన్నీ హార్వీలో పోయాయి" అంటుంటే నాకు ఆ ట్రంకుపెట్టే కళ్ల ముందు కదిలింది. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి ఆయన అద్దె ఇల్లు మునిగింది. కొన్నాళ్లు స్నేహితుల సోఫాల మీద, తర్వాత కారులో, కారు పోయాక వంతెన కింద.

లెక్కతో నా పని అయిపోయినట్టే. కానీ ఇళ్లు లేనివాళ్లని వాళ్లున్న చోటికే వెళ్లి కలిసే ఔట్‌రీచ్ వర్కర్ ఒకావిడ, "వారానికొక రోజు కారు నడపగలవా? కాగితాలకి తిరగాలి" అని అడిగింది. సరేనన్నాను. వీసా ఫారాలూ, అఫిడవిట్లూ పదేళ్లుగా నింపుతున్నదాన్ని, ఫారాలకి భయపడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

హ్యూస్టన్‌లో పద్ధతి ఏమిటో అప్పుడు తెలిసింది. ఊళ్లోని సంస్థలు, నగరం, కౌంటీ, వీఏ అనే మాజీ సైనికుల ప్రభుత్వ శాఖ, హౌసింగ్ అథారిటీ అన్నీ 2012 ప్రాంతం నుంచి ఒకే గొడుగు కింద పనిచేస్తున్నాయి. ఇల్లు లేనివాళ్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉంటాయి. బై నేమ్ లిస్ట్ అంటారు దాన్ని. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లు ముందు. ఏడాదికి పైగా రోడ్డు మీదే ఉండి, పైగా జబ్బో వైకల్యమో ఉన్నవాళ్లని క్రానిక్ అంటారు. మోకాలు, షుగరు, ఏళ్ల తరబడి ఇల్లు లేకపోవడం కలిపి ఈయన జాబితాలో పైకి వచ్చారు. 2015 జూన్‌లోనే ఈ ఊరు మాజీ సైనికుల నిరాశ్రయత అంతమైందని ప్రకటించింది. మరి ఈయనెవరు అని నేను కాస్త కోపంగానే అడిగాను. అంటే ఇక ఎవరికీ ఇల్లు పోదని కాదట. పోయినవాళ్లని త్వరగా ఇంట్లోకి చేర్చే ఏర్పాటు ఉందని. ఆ ఏర్పాటు నిజమే, 2011తో పోలిస్తే ఈ ప్రాంతంలో ఇళ్లు లేనివాళ్లు 60 శాతానికి పైగా తగ్గారు. కానీ ఆ త్వరగా అన్న మాటకి కాగితాలు కావాలి.

సర్వీసు చేశారన్నది వీఏ వాళ్లు కంప్యూటర్లో చూసి తేల్చేశారు. చిక్కంతా ఐడీ కార్డుతో వచ్చింది. ఐడీకి బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు అడుగుతారు. ఆ రెండింటికీ ఐడీ అడుగుతారు. ఆయన దగ్గర ఏదీ లేదు. ఒక కౌంటర్ దగ్గర మూడు గంటలు నిలబడ్డాక, అడ్రస్ గడి ఖాళీగా ఉందని ఫారం వెనక్కి తోసేశారు. బయటికొచ్చాక ఆయన నాతో ఏమీ అనలేదు. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుని, తలుపు పక్కకి తిరిగి కూర్చున్నారు. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

దారి చూపింది ఔట్‌రీచ్ ఆవిడే. టెక్సాస్‌లో పుట్టినవాళ్ల బర్త్ సర్టిఫికెట్‌కి తోడబుట్టినవాళ్లు కూడా తమ ఐడీతో దరఖాస్తు చెయ్యొచ్చు. ఆయనకి బోమాంట్‌లో చెల్లెలు ఉంది. కానీ మాట్లాడి పదకొండేళ్లు. రెండు వారాలు వద్దనే అన్నారు. మూడో గురువారం కారులో కూర్చున్నాక, "నంబరు గుర్తుంది" అన్నారు. నేనే డయల్ చేసి ఫోన్ చేతికిచ్చి, కారు దిగి దూరంగా నిలబడ్డాను. అద్దంలోంచి ఆయన భుజాలు కనిపిస్తూనే ఉన్నాయి. పది రోజుల్లో సర్టిఫికెట్ వచ్చింది, కవర్లో ఆవిడ రాసిన ఉత్తరంతో సహా. ఉత్తరం ఆయన నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

తర్వాతవి ఒక్కొక్కటే కదిలాయి. హాస్పిటల్ రికార్డు సర్టిఫైడ్ కాపీ చూపించి సోషల్ సెక్యూరిటీ కార్డు తీసుకున్నాం. సర్వీసు కాగితం, డీడీ-214 అంటారు, దానికి సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాశాం. 1973లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో లక్షల ఫైళ్లు కాలిపోయాయి. ఈయనది తర్వాతి కాలం కనుక భద్రంగా ఉంది. ఆ కాపీ చేతికొచ్చినప్పుడు ఆయన దాన్ని మడవనివ్వలేదు. నేను ప్లాస్టిక్ కవర్ కొనిచ్చాను. మే నెలలో ఐడీ వచ్చింది.

ఒక సంగతి చెప్పుకోవాలి. ఆయన తాగేవారు. ముందు తాగుడు మానాక కదా ఇల్లివ్వాలి అని నేను కేస్ మేనేజర్‌తో వాదించాను. ఆవిడ, "తాళం వేసుకోవడానికి తలుపు లేనివాడు నిద్రపోవడానికి తాగుతాడు, ముందు తలుపు ఇద్దాం" అంది. నాన్న క్యాంటీన్ రమ్ము గుర్తొచ్చింది. ఆయన తాగి పడుకున్నది సొంతింట్లో, మా అమ్మ వేసిన పక్క మీద. అందుకని ఎవరూ ఆయనకి పరీక్ష పెట్టలేదు. ఆ తర్వాత నేనింక వాదించలేదు.

జూన్‌లో హడ్‌వాష్ వోచరు వచ్చింది, ఇల్లు లేని మాజీ సైనికులకి ప్రభుత్వమిచ్చే అద్దె సాయం అది. ఆదాయంలో ఇంచుమించు 30 శాతం ఆయన అద్దెగా కట్టాలి, మిగతాది వోచరు కడుతుంది, వీఏ కేస్ మేనేజర్ వెన్నంటి ఉంటుంది. ఇల్లు వెతుక్కోడానికి 120 రోజుల గడువు. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, వోచరు అనగానే చాలాచోట్ల ఖాళీ లేదంటారని. ఇక్కడ ఇంటి ఓనర్లు వోచరు వద్దనొచ్చు. పంతొమ్మిది చోట్ల ఫోన్ చేశాను. ఇరవయ్యో ఆయన తన తమ్ముడు కూడా ఆర్మీ అని చెప్పి రమ్మన్నాడు. ఇన్‌స్పెక్షన్‌లో స్మోక్ అలారం పనిచెయ్యలేదని, ఒక కిటికీకి గొళ్లెం లేదని మొదటిసారి ఫెయిలైంది. బాగుచేయించి మళ్లీ పిలిచేసరికి ఇంకో మూడు వారాలు. ఆ మూడు వారాలూ హ్యూస్టన్ ఆగస్టు ఎండలో ఆయన వంతెన కిందే ఉన్నారు. తీరా తాళాలిచ్చే రోజు కరెంటు లేదు. ఇక్కడ కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి, క్రెడిట్ లేనివాళ్లని డిపాజిట్ అడుగుతారు. అది ఒక స్వచ్ఛంద సంస్థ కట్టింది.

సెప్టెంబరులో ఇంట్లో చేరారు. మా గుడి వాళ్లిచ్చిన గిన్నెలు, మావారు మోసుకొచ్చిన మంచం, ఒక కుర్చీ. చెల్లెలు బోమాంట్ నుంచి కర్టెన్లు తెచ్చింది.

మర్నాడు సోషల్ సెక్యూరిటీ వాళ్లకి చిరునామా మార్పు ఫారం నింపాలి. అలవాటుగా పెన్ను నేను తీశాను. ఆయన చెయ్యి చాపి తీసుకున్నారు. ఇంటి నంబరు, వీధి, అపార్ట్‌మెంట్ నంబరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, "జిప్ కోడ్ ఎంత మ్యామ్?" అని అడిగారు. చెప్పాను. రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు గురువారాలు ఇంకొకాయనతో తిరుగుతున్నాను. ఈయన పుట్టింది లూసియానాలో, తోడబుట్టినవాళ్లు లేరు. బర్త్ సర్టిఫికెట్‌కి ఏ దారి ఉందో కనుక్కుంటున్నాం.